బావి అందరిదే అంటారు, చేంతాడు ఎవరి చేతిలో ఉంది?



ఏడు లైన్ల కాగితం ఒకటి పట్టుకుని పోయిన ఎండాకాలం సెలవుల్లో ఒక పిల్లోడు మా ఇంటికి వచ్చినాడు. నా దగ్గర 10వ తరగతి చదివినోడే. ఉరవకొండకు 12 కిలోమీటర్ల అవతల పల్లె, ఎస్సీ కాలనీ. నాయన బెంగళూరులో బేల్దారి పనికి పోతాడు. అమ్మ శెనక్కాయ కాలంలో కూలికి, తక్కిన కాలంలో ఉపాధి పనికి పోతాది. ఇంటిల్లిపాది రెక్కలు విరుచుకుంటే వాడు ఇంజనీరింగు మూడో ఏడుకు వచ్చినాడు. కాలేజీ పేరు రాయను. రాస్తే తప్పు ఆ ఒక్క కాలేజీదే అనుకుంటారు.

"సార్, మూడు మార్లు చేసినా. మూడు మార్లూ మధ్యలో నిలబడిపాయె. నాకు బుర్ర లేదు సార్. కాలేజీ మానేసి నాయన ఎంట పనికి పోతా" అన్నాడు.

నాకు కంప్యూటరు విద్య రాదు. నేను హైస్కూల్లో సాంఘిక శాస్త్రం చెప్పుకునే అయ్యవారిని. కానీ ఆ మాట వినంగానే కడుపు రగిలింది. 'నాకు బుర్ర లేదు' అనేది వాడు సొంతంగా కనిపెట్టిన మాట కాదు. వాని నోట్లో ఎవరో పెట్టిన మాట. మా నాయన నోట్లో పెట్టినారు, ఆయన వేలిముద్ర వేసి పోయినాడు. నా నోట్లో పెట్టినారు, నేను హాస్టల్లో ఏడ్చి ఏడ్చి ఉమ్మేసినా. ఇప్పుడు వీని నోట్లో. ఆ కాగితం ఇట్ల తేరా అబ్బీ అని తీసుకున్నా.

అది జీసీసీ అనే కంపైలర్‌ను దాని మూలం నుంచి ఎట్ల కట్టుకోవాలో చెప్పే కాగితం. కాలేజీ వాళ్ళు ఇచ్చినది.

కంపైలర్ అంటే ఏంది? ఉరవకొండలో మగ్గం చూసినోళ్ళకు చెప్పడం సులువు. చీర అంచున నెమలి రావాలంటే ముందు గళ్ళ కాగితం మీద బొమ్మ గీస్తారు. మగ్గానికి నెమలి తెలియదు. దానికి తెలిసింది జకార్డు అట్టల్లో బెజ్జాలే. బెజ్జం ఉంటే దారం లేస్తాది, లేకుంటే లేవదు. బొమ్మను చూసి అట్టలు కొట్టే మనిషి మధ్యలో ఒకడు ఉండాల. కంప్యూటర్లో ఆ అట్టలు కొట్టే పని చేసేదే కంపైలర్. మనిషి రాసిన దాన్ని మిషనుకు అర్థమయ్యే అంకెలుగా మారుస్తాది. జీసీసీని 1987లో రిచర్డ్ స్టాల్‌మన్ అనే అమెరికా ఆయన బయటపెట్టినాడు. దాని మూలం ఎవరైనా తీసుకోవచ్చు, చదవచ్చు, మార్చచ్చు, పంచచ్చు. పైసా కట్టే పని లేదు. లినక్స్‌ను మొదటినుంచి దీనితోనే కట్టుకుంటూ వచ్చినారు.

బావి అందరిదే అన్నమాట. మరి మా పిల్లోడు గట్టు మీద గొంతెండి ఎందుకు నిలబడినాడు?

ఎక్కడెక్కడ నిలబడినాడో వినండి.

మొదటిసారి, మొదలుపెట్టిన కాసేపటికే ఆగిపోయింది. జీఎంపీ, ఎంపీఎఫ్‌ఆర్, ఎంపీసీ అని పెద్ద లెక్కలు చేసే మూడు లైబ్రరీలు ముందే ఉండాలంట. కాగితంలో ఆ ముక్క లేదు. వాటిని తెచ్చిపెట్టే చిన్న స్క్రిప్టు ఆ మూలంలోనే, కాంట్రిబ్ అనే ఫోల్డరులో ఉంది. ఒక్క లైను రాసుంటే చాలు. రాయలేదు.

రెండోసారి, మూలం ఉన్న ఫోల్డరులోనే కూర్చుని కట్టడం మొదలుపెట్టినాడు. కట్టే చోటు వేరుగా ఉండాలని దాన్ని చేసినోళ్ళు గట్టిగా చెప్తారు. కల్లంలోనే దుక్కి దున్నితే ఏమైతాది? పాతదీ కొత్తదీ కలిసిపోయి అంతా గందరగోళం. కాగితం ఆ సంగతీ చెప్పలేదు.

మూడోసారి గంటలకొద్దీ నడిచింది. మధ్యలో కరెంటు పోతే గుండె చేతిలో పెట్టుకుని బ్యాటరీ వైపు చూసినాడు. చివరికి ఏదో 32 అంకె ఉన్న ఫైలు లేదని చెప్పి నిలబడింది. వాని మిషను 64 బిట్లది. ఏమీ చెప్పకపోతే జీసీసీ 64తో పాటు 32 బిట్ల సామాను కూడా కట్టబోతాది. దానికి కావాల్సినవి ఈ మిషనులో లేవు. మొదట్లోనే 'డిజేబుల్ మల్టీలిబ్' అని ఒక్క మాట చేర్చి ఉంటే ఆ గంటలన్నీ మిగిలేవి.

పోయి అడిగితే వచ్చిన జవాబు: "ఇది కూడా తెలియదా? నీకు బేసిక్స్ లేవు."

మరి కంపైలర్ చేసినోళ్ళు ఇవి రాయలేదా? రాసినారు. వాళ్ళ పుస్తకంలో ముందు ఉండాల్సినవి ఒక అధ్యాయం, తెచ్చుకునేది ఒకటి, అమర్చేది ఒకటి, కట్టేది ఒకటి, పరీక్షించేది ఒకటి, చివరికి ప్రతిష్ఠించేది ఒకటి. అన్నీ ఉన్నాయి. ఆ పెద్ద పుస్తకాన్ని ఏడు లైన్లకు ఎడిట్ చేసిన పెద్దమనిషి 'ఇవన్నీ తెలిసినవే కదా' అని కోసేసినాడు.

ఎవరికి తెలిసినవి? నేను అడిగేది ఇదే. తెలిసినవి అంటే ఎవరికి తెలిసినవి? ఇంట్లో అన్న ఇంజనీరు, మేనమామ అమెరికాలో, వీధిలో నలుగురు సాఫ్ట్‌వేరు వాళ్ళు ఉన్నోనికి తెలిసినవి. వాడు ఆ మెట్టు కాగితంలో లేకపోయినా ఫోను చేసి ఎక్కేస్తాడు. ఎక్కినాక 'నా మెరిట్' అంటాడు. మన పిల్లోనికి ఫోను చేసేదానికి ఎవరున్నారు? బెంగళూరులో తాపీ పట్టుకున్న నాయనా?

కాగితాన్ని ఎడిట్ చేయడం అంటే కోయడం, ఉంచడం. ఏది కోయాలో ఏది ఉంచాలో చెప్పేవాడే ఎవరు లోపలికి రావాలో, ఎవరు గడప దగ్గర ఆగాలో చెప్తున్నాడు. వానికి ఆ సంగతి తెలియకపోవచ్చు. మా ఊరి టీ హోటల్లో రెండో గ్లాసు పెట్టినోనికి కూడా తాను తప్పు చేస్తున్నట్టు తెలియదు. అలవాటు అన్నాడు!

ఇంకో సంగతి చూడండి. కంపైలర్‌ను కట్టాలంటే ముందే ఇంకో కంపైలర్ ఉండాల. 2013లో వచ్చిన 4.8 నుంచి సీ ప్లస్ ప్లస్ కంపైలర్ ఒకటి లేకుండా జీసీసీ కట్టడం మొదలే కాదు. పాలు పెరుగు కావాలంటే తోడు వేయాల కదా, అట్ల. ఉన్న పాత కంపైలర్‌తో మొదటిది కడతారు. ఆ మొదటి దానితో రెండోది. రెండో దానితో మూడోది. రెండోదీ మూడోదీ పోల్చి, తేడా లేకుంటేనే పని సరిగ్గా అయినట్టు.

నిన్న పెరుగు ఉన్న ఇంట్లో తోడు గురించి ఎవరూ మాట్లాడరు. అది ఉట్టి మీద ఉంటాది. మొదటి తరం చదువుకున్నోని ఇంట్లో ఉట్టి ఖాళీ. నా సంగతే చెప్తా. ఇంటర్లో స్కాలర్‌షిప్ కోసం ఒక ఆఫీసుకు పోయినా. కావాల్సిన పత్రాల పట్టిక గోడకు అంటించి ఉండె. అన్నీ తీసుకుపోతే ఆదాయం సర్టిఫికెట్ పాతదయింది అన్నారు. అది తెస్తే గెజిటెడ్ సంతకం లేదన్నారు. సంతకం తెస్తే గడువు దాటింది అన్నారు. మూడు మార్లు తిరిగినా. ఆ రెండు ముక్కలు గోడ మీద ఎందుకు రాయలేదని అడిగితే గుమాస్తా నవ్వినాడు: "అందరికీ తెలిసిందే కదా!" ఆ నవ్వు, ఈ 'బేసిక్స్' ఒకే తల్లి బిడ్డలు.

ఇది మన దేశంలోనే పుట్టిన జబ్బు అనుకోవద్దు. 1957లో ఐబీఎం వాళ్ళు ఫోర్‌ట్రాన్ అనే భాషకు కంపైలర్ తెచ్చినారు. ఆ పని నడిపించిన జాన్ బ్యాకస్, అంతకుముందు ప్రోగ్రాములు రాసేవాళ్ళ గురించి తర్వాతి కాలంలో రాస్తూ, వాళ్ళు తమను తాము పూజారి వర్గంగా అనుకునేవాళ్ళని, మామూలు మనుషులకు అందని రహస్యాలకు కాపలాదారులమని భావించేవాళ్ళని చెప్పినాడు. మిషనుకు సులువుగా చెప్పే దారి తెస్తామంటే వాళ్ళే ఎగతాళి చేసినారంట. మనం అనలేదు బాబూ, పూజారులని వాళ్ళాయనే అన్నాడు! గుడి మారింది, గర్భగుడి మారలేదు.

బావి తెరిచినారు కదా, ఇంకేం కావాల అని కొందరు అడుగుతారు. మహద్ చెరువు సంగతి గుర్తు తెచ్చుకోండి. 1923లో బొంబాయి శాసనమండలి ప్రజల బావులు, చెరువులు అంటరానివారికీ తెరవాలని తీర్మానం చేసింది. 1924లో మహద్ మున్సిపాలిటీ చవదార్ చెరువు తెరిచినామని తీర్మానం చేసింది. కాగితం మీద చెరువు తెరుచుకుంది. మనవాళ్ళు ఒక్క గుక్క తాగినారా? లేదు. 1927 మార్చి 20న బాబాసాహెబ్ వేలమందిని వెంటబెట్టుకుని నడిచిపోయి దోసిలి ముంచినాకనే అది తాగే నీళ్ళయింది. అప్పుడు కూడా కొట్టినారు, చెరువును పంచగవ్యంతో శుద్ధి చేసినారు. కోర్టులో తేలేసరికి 1937 వచ్చింది. తీర్మానానికీ దోసిలికీ మధ్య దూరం ఉంది. ఆ దూరం ఎవరో వచ్చి తగ్గించరు. నడిచినోళ్ళే తగ్గిస్తారు.

జీసీసీ చరిత్రలోనూ అట్లాంటి ముచ్చట ఒకటి ఉంది. మూలం అందరికీ తెరిచే ఉన్నా, ఎవరి మార్పు లోపలికి పోవాలనేది కొద్దిమంది చేతిలో ఉండె. విసిగిన వాళ్ళు 1997లో బయటికి వచ్చి ఈజీసీఎస్ అని వేరుకుంపటి పెట్టినారు. అందరినీ రానిచ్చినారు. రెండేళ్ళకు, 1999లో, ఆ వేరుకుంపటినే అసలు జీసీసీగా ఒప్పుకోవాల్సి వచ్చింది. బయటికి వచ్చినోళ్ళ ఇల్లే అసలు ఇల్లయింది! ఆ తర్వాత కూడా చాలా కాలం, చెప్పుకోదగ్గ మార్పు ఇచ్చేవాళ్ళు హక్కులు రాసిస్తూ పత్రాల మీద సంతకం పెట్టాల్సి ఉండె. 2021లో దాన్నీ సడలించినారు. ఇది ఇచ్చే హక్కు నాకుంది అని ఒక లైను సంతకం చేస్తే చాలు. పుస్తకాన్ని సైతం తీసుకోవచ్చు, మార్చచ్చు, పంచచ్చు అని దాని లైసెన్సులోనే రాసి ఉంది. కులం సర్టిఫికెట్ అడగరు, డిగ్రీ అడగరు. నీ దిద్దుబాటు సరైందా కాదా అంతే చూస్తారు. ఈ తలుపు తెరిచి ఉంది. మనం ఎందుకు దూరంగా నిలబడాల?

సరే, మేము ఏం చేసినామో చెప్తా.

నాలుగు ఆదివారాలు కూర్చున్నాం. పిల్లోడు చేస్తాడు, నేను అడుగుతా. నాకు ఏమీ తెలియకపోవడమే నా పనిముట్టు. "దీనికి ముందు ఏం ఉండాల? ఇది అయినట్టు నీకెట్ల తెలుస్తాది? ఇక్కడ తప్పితే ఏం కనబడుతాది?" ఈ మూడు ప్రశ్నలే అడుగుతూ పోయినా. ఇన్‌స్టాల్ చేసే చోటు వాని సొంత హోం ఫోల్డరే అని మొదట్లోనే చెప్పుకుంటే ఎవరి పాస్‌వర్డూ అక్కర్లేదని తెలిసింది. వాడు ఎగిరి గంతేసినాడు: "సార్, ఎవర్నీ తాళంచెవి అడగాల్సిన పని లేదు!" అన్నీ ఒకేసారి చేయమంటే చిన్న మిషను మెమరీ చాలక చతికిలబడుతాదనీ తెలిసింది. మూడో ఆదివారం రాత్రి రెండు గంటలకు తెర మీద 'కంపారిజన్ సక్సెస్‌ఫుల్' అని వచ్చింది. రెండోదీ మూడోదీ ఒకటే అని అర్థం. వాడు ఏడ్చినాడు. నేనూ ఏడ్చినా. అంతా అయినాక కూడా వెర్షను అడిగితే పాత కంపైలరే పలికింది. కొత్తది ఇంట్లో కూర్చుని ఉంది, మిషను పాతింటి తలుపే తడుతాంది. పాత్ అనే దారి మార్చాలని అప్పుడు తెలిసింది. ఆ మెట్టు కూడా ఆ ఏడు లైన్లలో లేదు!

నాలుగో ఆదివారం అసలు పరీక్ష. పిల్లోని చెల్లెలు పాలిటెక్నిక్ మొదటి ఏడు. మేము రాసిన కాగితం ఆ పాప చేతికిచ్చి, అన్నను బయట అరుగు మీద కూర్చోబెట్టినా. నోరు తెరవకూడదు. పాప రెండు చోట్ల ఆగింది. 'టెర్మినల్ తెరువు' అని రాసినాం, యాడుందో రాయలేదు. 'పై ఫోల్డరుకు పో' అన్నాం, ఎట్ల పోవాలో చెప్పలేదు. అన్న అరుగు మీద గిలగిల కొట్టుకుంటాన్నాడు చెప్పాలని. నేను వద్దన్నా. పాపది తప్పు కాదురా, మనది. మూడు వారాలకే మనమూ 'తెలిసిందే కదా' అనే జాతిలో కలిసిపోయినాం చూడు! ఆ మాట వానికి బాగా తగిలింది. నాకూ తగిలింది.

ఇట్ల దెబ్బలు తిని మేము రాసుకున్న కట్టుబాట్లు ఇవి. కంపైలర్ కాగితానికే కాదు, సంఘం వేసే ఏ కాగితానికైనా పనికొస్తాయి.

1. మొదలుపెట్టే ముందే ఏమేమి కావాలో పైన రాయాల. మూలం దిగుమతికి సుమారు 100 ఎంబీ డేటా, డిస్కులో 10 జీబీ అయినా ఖాళీ, కొన్ని గంటల కరెంటు. పేదోనికి డేటా, కరెంటు కూడా ఖర్చే.

2. ఒక మెట్టుకు ఒకే పని.

3. మెట్టు ఎక్కినాక తెర మీద ఏం కనబడాలో రాయాల.

4. తప్పు వస్తే ఏ మాట వస్తాదో ఆ మాటే అక్షరం పొల్లుపోకుండా రాసి, కింద విరుగుడు రాయాల.

5. 'ఊరికే', 'సులభంగా', 'అందరికీ తెలిసినట్టు' అనే మాటలు కొట్టేయాల. అవి చదివేవాని నెత్తిన మొట్టికాయలు.

6. ఏ వెర్షను, ఏ మిషను, ఏ తేదీన చేసి చూసినామో రాయాల. 2013లో మారినట్టు రేపు ఇంకోటి మారుతాది.

7. రాసినోడు కాక, తెలియని ఇంకొకరు చేసి చూసేదాకా కాగితం బయటికి పంపకూడదు.

ఏడు లైన్లు నాలుగు పేజీలైంది. కాలేజీలో చూపిస్తే "ఇంత పొడుగు ఎవరు చదువుతారు?" అన్నారంట. వాని జూనియర్లు చదివినారు! హాస్టల్లో జిరాక్సులు తీసి పంచుకున్నారు. కాలేజీ మానేస్తానన్న పిల్లోడు ఇప్పుడు ఇంకొకరికి చెప్తాన్నాడు.

దీని మీద మూడు రకాల మనుషులు మూడు మాటలు అంటారు. జవాబు చెప్పి ముగిస్తా.

మెరిట్ వాళ్ళు అంటారు: తెలివైనోనికి మెట్లు అన్నీ రాయనక్కర్లేదు, కష్టపడి వెతుక్కోవాల. సరే బాబూ! నీవు ఎక్కినప్పుడు నీకు చెయ్యి అందించిన వాళ్ళ పేర్లన్నీ ముందు ఒక కాగితం మీద రాయి. తర్వాత మెరిట్ మాట్లాడుదాం. కష్టపడటం మాకు నేర్పొద్దు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కూడా నికరం లేని నేలలో శెనక్కాయ పండించిన జాతి మాది. పనిలో కష్టం వేరు, దాచిపెట్టడం వల్ల వచ్చే కష్టం వేరు.

పండితులు అంటారు: తెలుగులోనే రాయండి, కానీ శుద్ధమైన తెలుగులో. కంపైలర్‌కు సంస్కృతంలో ఒక పేరు, ఫోల్డరుకు ఒక పేరు పెట్టి చేతికిస్తారు. అయ్యా, ఒక అగ్రహారం గోడ దూకి ఇంకో అగ్రహారంలో పడమంటారా? మా పిల్లలు కంపైలర్ అనే అంటారు. ఆజ్ఞలు ఇంగ్లీషులో ఎట్ల ఉంటే అట్లే టైపు చేస్తారు. ఇంగ్లీషు మాకు శత్రువు కాదు, అది మాకు కావాల. చుట్టూ వివరించే మాట మాత్రం మా అమ్మ మాట్లాడే తెలుగు. స్వేచ్ఛ అనే సంస్థ వాళ్ళు ఆపరేటింగ్ సిస్టమ్‌నే తెలుగులోకి తెచ్చే పని చేసినారు, మంచిదే. మెనూలో మాట తెలుగైతే ఇంట్లో కూర్చోవచ్చు. ఇల్లు కట్టే పద్ధతి తెలుగైతే మేస్త్రీ కావచ్చు.

మూడో మాట మన సొంత కార్యకర్తలది. దాని మీద నాకు గౌరవం ఉంది. భూమి సమస్య ఉంది, కూలి సమస్య ఉంది, అట్రాసిటీ కేసులు ఉన్నాయి, ఈ కంప్యూటరు గోల ఏందన్నా అంటారు. తమ్ముడూ, బొజ్జా తారకం గారు 'పోలీసులు అరెస్టు చేస్తే' అనే పుస్తకం ఎందుకు రాసినాడు? చట్టం అప్పటికే ఉంది కదా, అందరిదీ కదా! చట్టం ఉన్నంత మాత్రాన స్టేషనులో నిలబడిన కూలోనికి అక్కరకు రాదని ఆ వకీలుకు తెలుసు. హక్కు ఏందో, ఎవరిని ఏం అడగాలో తెలుగులో రాసి చేతిలో పెట్టినాడు. అది చేంతాడు. భాగ్యరెడ్డి వర్మ 1910లో హైదరాబాదులో మన పిల్లలకు బడి పెట్టినప్పుడు మాత్రం తక్కిన సమస్యలన్నీ తీరిపోయినాయా? పొలం పోరాటం పొలంలో, కాగితం పోరాటం కాగితం మీద. రేపటి కూలి, రేషను, పట్టా అన్నీ ఆ మిషన్లలోనే ఉంటాయి. మిషను ఎట్ల కడతారో తెలిసినోడు మన వాడల్లో ఒక్కడైనా లేకుంటే, అది చెప్పిందే వేదం అని చేతులు కట్టుకుని నిలబడాల్సిందే.

కాబట్టి చెప్పేదేమంటే: మీ పల్లెలో ఇంజనీరింగో పాలిటెక్నికో చదివే పిల్లలుంటే వాళ్ళను అడగండి, యాడ ఆగిపోయినావు అని. సిగ్గుపడొద్దని చెప్పండి. ఆగిన చోటు రాసిపెట్టమనండి. ఆగినోనికే తెలుసు ఏ మెట్టు విరిగిందో, దాటిపోయినోనికి తెలియదు. ఆ ముక్కలు పోగుచేసి తెలుగులో రాయండి, తెలియని పాపతో చేయించి చూడండి. సరైందని తేలితే ఇంగ్లీషులోనూ రాసి, ఆ కంపైలర్ చేసినోళ్ళకే పంపండి. వాళ్ళ పుస్తకంలో మన వాడ దిద్దిన ఒక్క లైను ఎక్కినా చాలు, ప్రపంచంలో ఏ మూలనో ఇంకో మొదటి తరం బిడ్డ ఆ లైను పట్టుకుని ఎక్కుతాది. మనం ఆ బిడ్డ మొహం చూడం. అయినా ఆ బిడ్డ మనదే.

బావి గట్టు మీద నిలబడి నీళ్ళు పోయమని దోసిలి పట్టిన కాలం చాలు. చేంతాడు మనమే పేనుదాం. పేనినాక గట్టు మీదనే వదిలిపెట్టుదాం, మన ఎనకొచ్చేవానికి.

జై భీమ్!